వెళ్ళొస్తానన్న మనిషి

శుక్రవారం ఉదయం తొమ్మిదీ పదికి డిటెక్టివ్ రాగిణి ఇంటర్వ్యూ గదిలో అడుగుపెట్టింది. ఆమెకి మిగిలింది నాలుగు గంటలు కూడా కాదు. ఒంటిగంటకి కౌంటీ ప్రాసిక్యూటర్ జడ్జి ముందు కాగితాలు పెడతాడు. అప్పుడు అఖిల్ మీద పడేది హత్యానేరం, ఈ రాష్ట్రంలో దానికి మరణశిక్ష కూడా వేస్తారు. వీసా పోతుందేమోనని అఖిల్ భార్య రష్మి పొద్దున్నే ఫోన్ చేసి ఏడ్చింది. పోయేవాటిలో వీసాయే అన్నిటికంటే చిన్నదని చెప్పడానికి రాగిణికి నోరు రాలేదు.

హతుడు లక్ష్మీపతి, అరవై రెండేళ్ళవాడు, ఒంటరివాడు. బెంటన్‌విల్‌కి ఇరవై నిమిషాల డ్రైవ్‌లో ఉన్న కోల్టన్ స్ప్రింగ్స్ అనే ఈ చిన్న ఊళ్ళో పదకొండేళ్ళుగా ఉంటున్నాడు. వంట రాని, వచ్చినా ఓపిక లేని సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లకి సోమ, బుధవారాల్లో స్టీలు క్యారియర్లలో భోజనం కట్టి ఇచ్చేవాడు. మొన్న బుధవారం సాయంత్రం 7:20కి క్యారియర్ కోసం వచ్చిన రాజీవ్ అనే ఇంజనీరు, వంటింట్లో గట్టు వెనక అతన్ని తల పగిలి పడి ఉండగా చూశాడు. ఐదున్నరకీ ఏడుకీ మధ్య ప్రాణం పోయిందని మెడికల్ ఎగ్జామినర్ చెప్పాడు. పక్కవాకిలికి డోర్‌బెల్ కెమెరా ఉంది. ఆ గంటన్నరలో ఆ కెమెరాకి కనబడింది ఒక్కడే. 6:12కి ఒకసారి, 6:47కి ఒకసారి, రెండుసార్లూ అఖిలే.

లిటిల్ రాక్ నుంచి లాయర్ రెండు గంటలకి గానీ రాడు. అంతదాకా నోరు విప్పక్కర్లేదని రాగిణి రెండుసార్లు చెప్పింది. తప్పు చేయనివాడికి లాయరెందుకంటూ అఖిల్ కాగితం మీద సంతకం పెట్టేశాడు. బాగా చదువుకున్నవాళ్ళు చేసే పొరపాట్లలో ఇది మొదటిది.

ఆమె టైముల వరసలో అడిగింది, అతను అదే వరసలో చెప్పాడు. బుధవారం 5:50కి ఆఫీసు వదిలాడు. 6:12కి లక్ష్మీపతి ఇంటి పక్కవాకిలి. బయట బెంచీ మీద క్యారియర్లు వరసగా పెట్టి ఉన్నాయి, తలుపు ఓరగా వేసి ఉంది, లోపల ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోగుతోంది. ఒక క్యారియర్ తీసుకుని, వెళ్ళొస్తానని కేకేసి కారెక్కాడు. ఇంటికెళ్ళి చూస్తే దాని మీద రాజీవ్ పేరు స్టిక్కర్ ఉంది. మార్చుకుందామని వెనక్కి వచ్చేసరికి 6:47 అయింది. మాడు వాసన కొడుతోంది, లోపల స్మోక్ అలారం కూస్తోంది. పిలిస్తే పలకలేదు. బూట్లు విప్పి లోపలికి వెళ్ళి, స్టవ్ ఆపి, తన క్యారియర్ తీసుకుని వచ్చేశాడు. స్టవ్ నాబ్ మీద అతని వేలిముద్ర అలా పడింది.

గట్టు అవతలికి ఎందుకు చూడలేదని అడిగితే, బాత్‌రూమ్‌లో ఉన్నారేమో అనుకున్నాను మేడమ్ అన్నాడు. ఆ మాట అన్నాక తల దించుకున్నాడు. నాలుగడుగులు వేసి ఉంటే బతికించేవాణ్ణేమో అని రెండు రోజులుగా అతను తనని తాను తినేస్తున్నాడు.

"మొదటిసారి వెళ్ళినప్పుడు, 6:12కి, ఆయన పలికారా?" అని రాగిణి అడిగింది.

"పలికారు మేడమ్. నాకు సంతోషమేసింది కూడా."

"సంతోషం ఎందుకు?"

"మాది గుంటూరు మేడమ్. బయల్దేరేవాడితో 'పో' అనే మాట అనం, మా అమ్మయితే కొడుతుంది. అంకుల్‌ది కరీంనగర్. ఆయన ఎప్పుడూ 'పోయిరా బిడ్డా' అనేవారు. పొమ్మంటారేంటంకుల్ అని నేను, మీ గుంటూరోళ్ళకు అన్నీ భయాలే అని ఆయన, వారానికి రెండుసార్లు ఇదే గొడవ. మొన్న మాత్రం 'వెళ్ళిరా' అన్నారు. ఆర్నెల్లకి నా మాట విన్నారని నవ్వుకుంటూ కారెక్కాను."

రాగిణి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఏదో ఒక తలుపు కాస్త తెరుచుకున్నట్టు అనిపించింది గానీ, ఆ వెనక ఏముందో ఇంకా అందలేదు. ఆమెకి తెలిసింది వంటింటి తెలుగు. నాలుగో ఏట ఈ దేశం వచ్చింది, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని గానీ చదవలేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గు వేస్తుంది, ఇవాళ భయం వేసింది.

పక్క గదిలో అద్దం వెనక ఇద్దరున్నారు. ఒకడు కౌంటీ ఇన్వెస్టిగేటర్ డేల్ హార్పర్. ఊరి పోలీసులకి ఉన్నది ఇద్దరు డిటెక్టివ్‌లే, అందులో ఒకరైన రాగిణి హతుణ్ణి అంకుల్ అని పిలిచేది కాబట్టి, కేసు కౌంటీకి వెళ్ళిపోయింది. ఆమెని సాయానికి మాత్రం ఉంచారు. ఆ సాయం తనకి అక్కర్లేదని హార్పర్ దాచుకోలేదు.

రెండో ఆయన చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, అఖిల్ చెప్పిందంతా ఇంగ్లీషులో టైప్ చేస్తున్నాడు. పేరు రాధాకృష్ణ. కౌంటీకి తెలుగు అనువాదం కావలసి వస్తే పిలిచేది ఆయన్నే, మెడలో కౌంటీ బ్యాడ్జి కూడా ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు. దానికి ముందు నుంచీ ఆదివారం తెలుగు బడి నడిపేవాడు. రాగిణి ఆ బడిలో ఆరేళ్ళు కూర్చుంది, పిల్లలందరూ ఆయన్ని మాస్టారంకుల్ అనేవాళ్ళు. ఆమె నాన్నది వరంగల్, ఇంట్లో 'పోయొస్త' అనేవాడు. బడి నుంచి బయల్దేరుతూ ఎనిమిదేళ్ళ రాగిణి ఒకసారి అదే మాట అంది. అది మొరటు మాటని మాస్టారంకుల్ ఆమె చేత 'వెళ్ళొస్తాను' అని వందసార్లు రాయించాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఇంట్లో కూడా నాన్న మాట మాట్లాడలేదు.

హార్పర్ ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. డోర్‌బెల్ రికార్డింగ్‌కి అనువాదం. 6:12, అఖిల్: వెళ్ళి, తిరిగి వస్తాను. హతుడు: సరే, రా.

"వస్తానన్నాడు, వచ్చాడు. పదహారేళ్ళ సర్వీసులో ఇంత మాట మీద నిలబడ్డ హంతకుణ్ణి చూడలేదు" అన్నాడు హార్పర్.

అది సెలవు తీసుకునే మాటని రాగిణి చెప్పింది. చెత్తబుట్ట రోడ్డు మీద పెట్టడానికి వెళ్ళేవాడు కూడా మా ఇళ్ళల్లో వెళ్ళొస్తానంటాడని, అందులో బెదిరింపు లేదని, ముహూర్తం అసలే లేదని చెప్పింది. హార్పర్ బూట్ల సంగతి ఎత్తాడు. ఇల్లు మాడుతుంటే బూట్లు విప్పి లోపలికి వెళ్ళేవాడు అడుగుల గుర్తులు పడకూడదనుకునేవాడే అని అతని వాదన. మా అమ్మ ఫైరింజన్ వాళ్ళనయినా బూట్లు విప్పమంటుందని ఆమె అంది. అతను నవ్వలేదు.

"నువ్వు చెప్పేదేదీ కాగితం మీద లేదు. ఆ కాగితం రాసింది తెలుగు చెప్పే మాస్టారు. నువ్వాయన విద్యార్థివి, అది కూడా ఫెయిలైన విద్యార్థివని ఆయనే అన్నారు" అన్నాడు హార్పర్.

రాధాకృష్ణ హెడ్‌ఫోన్ తీసి నొచ్చుకున్నట్టు చూశాడు. "సరదాకి అన్నానమ్మా. అక్షరాలా అనువదించమన్నారు, అలాగే ఇచ్చాను. అర్థం చెప్పమని ఉంటే చెప్పేవాణ్ణి కదా."

తలుపు లోపలి నుంచి వచ్చిన మాట అంతేనా అని ఆమె అడిగింది. ఫ్యాన్ మోతలో తనకి వినబడింది అంతేనన్నాడు. ఆమె కీస్ తీసుకుని హత్య జరిగిన ఇంటికి బయల్దేరింది. కోపంలో ఎవరికీ చెప్పలేదు.

10:40. వీధివాకిలి దగ్గర కోడీ అనే పెట్రోల్ ఆఫీసర్ కాపలా ఉన్నాడు. వీధివైపు కెమెరా లేదు. అటు నుంచి వచ్చినవాడు వచ్చినట్టూ తెలియదు, వెళ్ళినట్టూ తెలియదు. హార్పర్‌కి ఆ వాకిలి మీద ఆసక్తి లేదు, తాళం పగలలేదు కదా అంటాడు. తలుపు కొడితే ఇంటివాడే తీసి, రండి కూర్చోండి అని ఉండొచ్చు కదా అని నిన్న రాగిణి అంటే, ఊహలకి సాక్ష్యమేదన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి చూసింది. గట్టు వెనక నేల మీద శరీరం ఉన్న చోట టేపు గీతలు. ఆ గీతలకి జానెడు దూరంలో పెద్ద గరిటె, దానికి ఎండిపోయిన పప్పు. అల్లం దంచుకునే చిన్న రాతి రోలు గట్టు మీదే ఉంది. అందులో ఉండాల్సిన బండ లేదు. మొన్నటి నుంచీ ఎంత వెతికినా దొరకలేదు. అఖిల్ కార్లో లేదు, ఇంట్లో లేదు, ఇక్కడి నుంచి అతని ఇంటి దాకా ఉన్న ఏ కాలవలోనూ లేదు.

స్టవ్ మీద, రెండో విడత క్యారియర్ల కోసం పెట్టిన, ముప్ఫై మందికి సరిపడే గిన్నె. అడుగున రెండు వేళ్ళ మందాన పప్పు బొగ్గయి ఉంది. ఆమె స్మోక్ అలారం యాప్ తెరిచి చూసింది. మొదటి హెచ్చరిక 6:31కి పడింది. అంటే అఖిల్ రెండోసారి రావడానికి పదహారు నిమిషాల ముందే ఇది మాడుతోంది.

ఆమె వాళ్ళ అమ్మకి ఫోన్ చేసింది. కేసు సంగతి చెప్పకుండా, అంత గిన్నెలో ఉడికిన పప్పు సన్నసెగ మీద మాడి పొగ రావడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. నువ్వు వంటెప్పుడు మొదలుపెట్టావని అమ్మ ముందు ఆరా తీసింది. తర్వాత, కలిపే చెయ్యి ఆగితే అరగంట, ఎంత లేదన్నా పాతిక నిమిషాలు అంది.

6:31లోంచి పాతిక తీసేస్తే 6:06. గరిటె చేతిలో ఉండగానే దెబ్బ పడింది. ఆరూ పన్నెండుకి లక్ష్మీపతి నేల మీద ఉన్నాడు. మరి 6:12కి అఖిల్‌కి బదులిచ్చింది ఎవరు?

రాగిణి గట్టు పట్టుకుని నిలబడింది. ఒంటరిగా ఈ గదిలో ఉండటం ఇప్పటిదాకా ఆమెకి ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. ఆ తలుపుకి ఇవతల, శవం పక్కన ఒక మనిషి నిలబడి, బయట కేక వినగానే లక్ష్మీపతిలా పలికాడు. పలకకపోతే అఖిల్ తలుపు తోసుకుని లోపలికి వస్తాడు. తెలుగువాడు వెళ్ళొస్తానంటే ఏమనాలో తెలిసిన మనిషి, అంటే తెలుగు మనిషే. లక్ష్మీపతి ఆ మాట ఎలా అంటాడో మాత్రం తెలియని మనిషి.

ఆమె రాజీవ్‌కి ఫోన్ చేసింది. అతనూ అదే చెప్పాడు. మూడేళ్ళలో ఆ ఇంటి వాకిట్లో 'పోయిరా బిడ్డా' తప్ప ఇంకో మాట విన్నది లేదన్నాడు.

టైము 11:15. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక పచ్చ కాగితం ఉంది. ముందురోజు కూడా చూసింది గానీ తెలుగులో ఉందని వదిలేసింది. ఇప్పుడు అక్షరం అక్షరం కూడబలుక్కుంది. తెలుగు సంఘం ఎన్నికలు. అధ్యక్ష పదవికి మీ లక్ష్మీపతి. మన యాస మన ఇంటి యాస, మన పిల్లలకి సిగ్గు వద్దు. ఆ చివరి వాక్యం చదవడానికి ఆమెకి ఒక నిమిషం పట్టింది. చదివాక నాన్న గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ పదవికి పోటీ జరగడం ఆమె వినలేదు.

అప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని 6:12 రికార్డింగ్ తెరిచింది. మొదటిసారి ఫ్యాన్ మోతే. రెండోసారి అఖిల్ గొంతు స్పష్టంగా, "అంకుల్, వెళ్ళొస్తా." తర్వాత లోపలి నుంచి ఏదో. మూడోసారి వాల్యూమ్ చివరిదాకా పెంచి కళ్ళు మూసుకుంది. కాగితంలో రాసినట్టు 'సరే' లేదు. 'సరే' రెండక్షరాలు, ఇక్కడ వినబడేది ఇంకా పొడుగ్గా ఉంది. మధ్యలో 'మంగా' అని దీర్ఘం తీసినట్టుంది.

నాలుగోసారికి మొత్తం వినబడింది.

క్షేమంగా వెళ్ళిరా.

ఆ గొంతు ఆమెకి తెలుసు. ఆ మాట ఎప్పుడు విందో గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. ఆరేళ్ళపాటు ప్రతి ఆదివారం పన్నెండు గంటలకి, బడి గుమ్మంలో, నెత్తిన చెయ్యి పెట్టి. వరసలో నిలబడ్డ ప్రతి పిల్లతోనూ 'వెళ్ళొస్తాను' అనిపించి, ఒక్కొక్కరికీ అదే దీవెన, అదే దీర్ఘం. అది ఆయనకి శ్వాస లాంటిది. శవం పక్కన నిలబడి ఉండి కూడా, బయటి నుంచి ఒకడు వెళ్ళొస్తానంటే నోటికి అలవాటైన మాటే వచ్చేసింది. తర్వాత కౌంటీవాళ్ళు పిలిచి ఆ రికార్డింగే చేతిలో పెట్టారు. తన గొంతు తానే విని, అఖిల్ మాట అక్షరాలా రాసి, తన దీవెన తీసేసి దాని చోట 'సరే, రా' అని పెట్టి ఇచ్చాడు.

ఒక పదవి కోసమా ఇంత? ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. ఏడుపు వచ్చేటట్టుంది, ఏడవడానికి టైము లేదు. 11:24. హార్పర్‌కి ఫోన్ చేసింది.

ఛార్జి ఆపమంది. ఆ అనువాదకుణ్ణి గదిలోనే కూర్చోబెట్టమంది, అఖిల్ దగ్గరికి వెళ్ళనీయొద్దంది. హార్పర్ విసుక్కున్నాడు. ఆయన ఇక్కడ లేడని, అరగంట క్రితమే బయల్దేరాడని చెప్పాడు. ఇవాళ్టి ఇంటర్వ్యూ టైప్ చేయడం పూర్తయ్యాక, ఆ వంటింట్లో ఫ్యాన్ మోత ఎంతుందో ఒకసారి వినాలని అడిగాడట.

"నువ్వక్కడ ఉన్నావని కోడీ రేడియోలో చెప్పాడు. నీకు సాయంగా ఉంటాడని నేనే పంపాను" అన్నాడు హార్పర్.

ఇవాళ్టి ఇంటర్వ్యూ. 'మొన్న మాత్రం వెళ్ళిరా అన్నారు' అని అఖిల్ చెప్పిన మాటని ఇంగ్లీషులోకి మార్చింది ఆయనే. తను ఎక్కడ దొరికిపోయాడో రాగిణి కంటే ముందే ఆయనకి తెలుసు.

వీధివాకిలి తెరుచుకుంది. హాల్లో అడుగుల చప్పుడు, గట్టి మడమల బూట్లు. గుమ్మంలో బూట్లు విప్పకుండా ఏ తెలుగింట్లోకీ అడుగుపెట్టని మనిషి, బూట్లతోనే నడిచి వస్తున్నాడు.

"రాగిణీ, ఇక్కడున్నావా తల్లీ" అంటూ రాధాకృష్ణ వంటింట్లోకి వచ్చాడు. మెడలో బ్యాడ్జి, మీద పొడుగు కోటు, కుడిచెయ్యి కోటు జేబులో. "కోడీని కాఫీకి పంపించాను. పాపం, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు."

ఆమె ఫోన్ కట్ చేయకుండా గట్టు మీద బోర్లా పెట్టింది. ఫ్యాన్ వేసి చూడమంటారా మాస్టారంకుల్ అని అడిగింది. తన గొంతు మామూలుగానే ఉన్నందుకు ఆశ్చర్యపోయింది. ఆయన కళ్ళు ఆమె మీద లేవు. ఫ్రిజ్ మీది పచ్చ కాగితాన్ని, గట్టు మీది ఖాళీ రోలుని, ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్‌ని వరసగా చూశాయి.

పక్కవాకిలి ఆమె వెనక నాలుగడుగుల్లో ఉంది. దాని బయట కెమెరా ఉంది, కెమెరాకి చెవులున్నాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మాట ఆయన నోటి నుంచి ఆ కెమెరాలో పడితే చాలు. రెండు గొంతులూ పక్కపక్కన పెట్టి వింటే హార్పర్‌కి కూడా తెలుగు అర్థమవుతుంది. అఖిల్ ఇవాళ ఇంటికి వెళ్తాడు.

ఆమె వెనక్కి నడిచి తలుపు బార్లా తీసింది. నడుముకి తుపాకీ ఉంది. అక్షరాలు దిద్దించిన మనిషి ఎదురుగా చెయ్యి అటు పోవడానికి సిగ్గుపడుతోంది, ఆ సిగ్గుకి ఆమెకి తన మీదే కోపం వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఎనిమిదేళ్ళప్పుడు నేర్చుకున్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా అంది.

"వెళ్ళొస్తాను మాస్టారంకుల్."

ఆయన నోరు తెరుచుకుంది. ఎడమచెయ్యి దీవించడానికి తనంతట తానే కాస్త లేచింది. మొదటి అక్షరానికి పెదవులు విడివడ్డాయి, అక్కడే ఆగిపోయాయి. చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆమె వెనకున్న కెమెరా వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూసి, బాగా చదివిన పిల్లని చూసినట్టు నవ్వాడు.

"పోయిరా, బిడ్డా" అన్నాడు.

ఆమె చేత వందసార్లు వేరే మాట దిద్దించి మాన్పించిన యాస అది. కోటు జేబు, లోపలున్న గుండ్రటి బరువుకి, కిందికి సాగుతోంది. ఆయన కుడిచెయ్యి ఆ బరువుని పట్టుకుని బయటికి వస్తోంది.